మొక్కలకంటే ముందు కుర్చీకి చోటు చూడండి

మీకు పదిహేను అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు పెరడు ఉందన్నారు. ఆఫీసు టెన్షన్ నుంచి కాసేపు తేరుకునేలా అందులో తోట వేసుకోవాలని, ఒక లాన్, చిన్న జలపాతం, సువాసనల మొక్కలు అనుకుంటున్నానని రాశారు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండేనన్నారు. ఏ మొక్కలు కొనాలో జాబితా అడిగారు గానీ నేను అక్కణ్ణించి మొదలుపెట్టను. అలా మొదలుపెట్టే ఒక తోట మొత్తం పాడుచేసుకున్నాను మరి.

మాదీ ఇంచుమించు మీ పెరడంతే. ఫోటోలు చూసి మధ్యలో లాన్ పరిచాను, చుట్టూ తెల్ల గులకరాళ్ళు పోయించాను, ఒక ఇనుప బెంచీ వేసి గోడ పొడవునా నలభై కుండీలు పెట్టాను. చూసినవాళ్ళంతా బాగుందన్నారు. కూర్చున్నవాళ్ళు మాత్రం లేరు. సాయంత్రం ఐదింటికి కూడా ఆ బెంచీ మీద చెయ్యి వేస్తే చురుక్కుమనేది. గులకరాళ్ళ మీంచి కొట్టే వెలుగుకి కళ్ళు చికిలించుకోవాల్సి వచ్చేది. ఒకరోజు నేను ఇంటికొచ్చేసరికి మా అమ్మ గోడ మూల బకెట్ బోర్లించుకుని, దానిమీద కూర్చుని పేపర్ చదువుకుంటోంది. పక్కింటి చెట్టు నీడ గోడ దాటి మా వైపు పడే చోటు అదొక్కటే. అంత ఖర్చు పెట్టి నేను తెచ్చిన బెంచీ ఎండలో ఖాళీగా ఉంది.

అందుకే ముందు కుర్చీ సంగతి చూడమంటాను. ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పెరట్లోకి తీసుకెళ్ళండి. మీకు నిజంగా తీరిక దొరికే వేళ ఏదో, పొద్దున్న ఆరింటికో, సాయంత్రం ఐదున్నరకో, పొద్దుపోయాకో, ఒక వారంపాటు ఆ వేళకే వెళ్ళి నాలుగైదు చోట్ల కూర్చుని చూడండి. గాలి ఎటునుంచి వస్తోంది, నీడ ఎక్కడిదాకా ఉంది, ఎదురుగా ఎవరి కిటికీ కనపడుతోంది అన్నవి గమనించండి. నీడ అంచున సుద్దముక్కతో గీత గీయండి. కాలం మారితే ఆ గీత జరుగుతుంది కాబట్టి ఎండాకాలపు గీతనే లెక్కలోకి తీసుకోండి.

నీడ దగ్గర నేను రెండోసారి కూడా తప్పు చేశాను, అది మీరు చేయకండి. బెంచీ తీసేసి నాలుగు గుంజలు పాతి పందిరి వేయించాను. మధ్యాహ్నం హాయిగానే ఉంది. నాలుగున్నర అయ్యేసరికి సూర్యుడు పడమటికి వాలి, పందిరి కిందనుంచి నేరుగా మొహం మీదికి వచ్చేశాడు. నడినెత్తిన ఉన్న ఎండకి పందిరి సరిపోతుంది. వాలిన ఎండకి నిలువుగా ఏదైనా అడ్డం ఉండాలి. పడమటి వైపు వెదురు తడిక కట్టి, దాని మీదికి తీగ పాకించాక గానీ ఆ చోటు కూర్చోడానికి పనికిరాలేదు. అటు గోడ కట్టేస్తే పోతుంది కదా అంటారేమో. గోడ గాలిని ఆపేస్తుంది, పైగా పగలంతా తాగిన వేడిని చీకటి పడ్డాక మన మీదికి వదులుతుంది. తడిక సందుల్లోంచి గాలి వస్తుంది. షేడ్ నెట్ తాత్కాలికంగా ఫరవాలేదు గానీ ఆకుల నీడకి సాటి రాదు. ఆకులు నీటిని ఆవిరిగా వదులుతూ ఉంటాయి కాబట్టి వాటి కింద వేడి అంత కొట్టదు.

తీగల్లో నా ఓటు రాధామనోహరానికి. ఎండకి తట్టుకుంటుంది, తొందరగా అల్లుకుంటుంది. పువ్వు సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ రంగు తిరుగుతుంది, ఆ తర్వాత ఎర్రబడుతుంది. దానివల్ల ఒకే గుత్తిలో మూడు రంగులూ కనపడతాయి. ఎర్రవి కిందికి వేలాడుతుంటే కొత్త తెల్లవాటి చుట్టూ చీకటి పడే వేళకి పెద్ద పెద్ద రెక్కల పురుగులు మూగుతాయి. కుర్చీలో వెనక్కి వాలి అది చూస్తుంటే ఫోన్ గుర్తుకు రాదు. ఒకటే బాధ, ఏడాదికి రెండుసార్లయినా గట్టిగా కత్తిరించకపోతే పందిరి దాటి ఇంటి కప్పెక్కుతుంది.

లాన్ వద్దనే చెప్తాను. గడ్డి ఒత్తుగా ఉండాలంటే రోజూ చాలాసేపు ఎండ తగలాలి, నీళ్ళూ ఎక్కువే పోయాలి. ఎండ ఉన్నచోట మనం కూర్చోలేం, మనం కూర్చునే నీడలో గడ్డి పలచబడిపోతుంది. ఇక అదెవరికోసం? నేను గులకరాళ్ళు ఎత్తించేసి కాలిబాట వరకు మట్టి గట్టిగా దిమ్మిస చేయించాను. మిగతా చోట ఎండుటాకులు రెండు మూడు అంగుళాల మందాన పరుస్తాను. నేల చల్లగా ఉంటుంది, తడి తొందరగా ఆరదు. మొక్క మొదలుకి ఆనించి మాత్రం పోయకండి, కాండం కుళ్ళుతుంది.

జలపాతం ముచ్చట నాకూ ఉండేది. మోటారుతో ఒకటి పెట్టాను. నాలుగు నెలలకి మోటారు ఆగింది, బాగుచేయిద్దాం అనుకుంటూనే పది రోజులు గడిచాయి. ఆ నీళ్ళలో సన్నటి పురుగులు వంకర్లు తిరుగుతూ కనపడ్డాయి. వేడి ప్రాంతాల్లో దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ఇప్పుడు వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్ళు పోసి పందిరికి కొంచెం దూరంగా పెట్టాను. పొద్దున్నే పాత నీళ్ళు పారబోసి కొత్తవి పోస్తాను. పిట్టలు వచ్చి స్నానం చేసి వెళ్తాయి, నీటి చప్పుడు కావాలంటే అదే. కుండీల కింద పళ్ళేలు పెడితే వారానికోసారి వంచేయడంతో సరిపెట్టకండి, పీచుతో రుద్దండి. డెంగీ తెచ్చే దోమ గుడ్లు నీటి అంచున పళ్ళెం గోడకి అంటుకుని, తడారిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. కూర్చునేచోట ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టుకోండి. దోమలు గాలికి ఎదురెగరలేవు, మనకి ఉక్కా తగ్గుతుంది.

సువాసన విషయంలో అత్యాశ పనికిరాదు. మల్లె, పారిజాతం, రాత్రిరాణి మూడూ ఒకేసారి కావాలనుకుని దగ్గర దగ్గర నాటాను. రాత్రిరాణి పడకగది కిటికీ కింద పడింది. అది పూసిన రాత్రి మా ఇంట్లో ఇద్దరికి తలనొప్పి. దాన్ని పెరడు చివరికి మార్చాక ఆ వాసనే గాలిలో పలచబడి వస్తుంటే బాగుంది. మీరు సాయంత్రాలు కూర్చునేవారైతే తెల్ల పూలకి పెద్దపీట వేయండి. చీకట్లో ఎర్రవి ముందు మాయమవుతాయి, నందివర్ధనం మాత్రం మసక వెలుతురులో కూడా కనపడుతుంది. దీపం పెడితే పసుపు కాంతిది, కళ్ళలో కొట్టకుండా కింది నుంచి. ఇంట్లో పసిపిల్లలు, కుక్కలు, పిల్లులు ఉంటే గన్నేరు జోలికి వెళ్ళొద్దు, ఆకు నుంచి వేరు దాకా విషమే.

కుండీలు ఎన్ని అని అడిగారు. మీకు ఇరవై నిమిషాల్లో నీళ్ళు పోయడం అయ్యేన్ని. నలభై కుండీలున్నప్పుడు నాకు పొద్దున్నే గంట పట్టేది, ఊరెళ్ళాలంటే గుండెల్లో రాయి. ఇప్పుడు పధ్నాలుగు, అన్నీ పెద్దవే. పెద్ద కుండీలో మట్టి తొందరగా ఎండదు, పక్కపక్కన పెడితే ఒకదాని నీడ ఇంకోదానికి. మధ్యాహ్నం ఆకులు వాలిపోయాయని కంగారుపడి నీళ్ళు పోయకండి. వేళ్ళు పీల్చేదానికంటే ఆకులు ఎక్కువ ఆవిరి వదులుతున్నందుకు అలా వాలతాయి, సాయంత్రానికి అవే లేస్తాయి. ఈ ముక్క తెలియక పోసి పోసి ఒక మందార వేళ్ళు కుళ్ళబెట్టాను. మట్టిలో వేలు రెండు కణుపులు దిగేదాకా గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి.

తోట వల్ల బీపీ తగ్గుతుందా అని కూడా అడిగారు. నేను డాక్టర్ని కాను. మందులు మానకండి. పచ్చదనం మనసుకి మంచిదని చెప్పినవాటిలో నాకు గుర్తుండిపోయింది రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో ప్రచురించిన అధ్యయనం. అమెరికాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన రోగులు, కిటికీలోంచి చెట్లు కనపడినవాళ్ళు 23 మంది, ఇటుక గోడ కనపడినవాళ్ళు 23 మంది. చెట్లు కనపడినవాళ్ళు కాస్త ముందుగా ఇంటికి వెళ్ళారు, గట్టి నొప్పిమందులూ తక్కువ వాడారు. చిన్న అధ్యయనమే, కానీ నా తోటలో ఒక మార్పు దానివల్లే చేశాను. మండే మధ్యాహ్నాల్లో ఎలాగూ బయటికి వెళ్ళలేం కదా, అందుకని నేను పనిచేసుకునే బల్లకి ఎదురు కిటికీ బయట పారిజాతం నాటాను. తోట వాడకంలో సగం ఆ కిటికీలోంచే.

మీ పెరడు ఫోటో పెట్టేటప్పుడు పడమర ఎటో, మీరు ఎక్కువసేపు కూర్చునే గది కిటికీ ఎక్కడో ఫోటో మీద గుర్తు గీసి పెట్టండి. తీగ ఎటువైపు నాటాలో, గుంజలు ఎక్కడ పాతాలో అది చూసి చెప్తాను. అప్పటిదాకా నర్సరీ వైపు వెళ్ళకండి.