రోజూ బైక్‌పై వెళ్లేవారు వానకు తడవని బ్యాగును ఎలా ఎంచుకోవాలి?

పర్లాకిమిడి నుంచి పాతపట్నానికి రోజూ బైక్‌పై ఉద్యోగానికి వెళ్లే మీరు, ల్యాప్‌టాప్, కాగితాలు తడవకుండా కాపాడే సాదా బ్యాగు ఏదని అడిగారు. నైరుతి వానలు వెనుదిరిగిన తరువాత కూడా అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాల భయం ఉండే మన ప్రాంతంలో, ‘వాటర్ రెసిస్టెంట్’ అని రాసి ఉన్న బ్యాగు చినుకులకు ఆగుతుంది గాని, ఎదురుగాలితో కొట్టే జడివానకు ఆగదు.

పూత పూసిన బట్ట బాగున్నా, కుట్టు రంధ్రాల గుండా, జిప్పు గుండా నీరు లోపలికి చేరుతుంది. అందుచేత అతుకులను కుట్టకుండా వేడితో అతికించి, పైభాగాన్ని కనీసం మూడు మడతలు చుట్టి బిగించేలా తయారుచేసిన రోల్‌టాప్ బ్యాగును తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. టీపీయూ (సాగే గుణమున్న ఒక రకం ప్లాస్టిక్) పూత గల నైలాన్ తేలికగా ఉంటుంది. పీవీసీ టార్పాలిన్ బరువైనదే అయినా గట్టిది, సాధారణంగా చవక కూడా. మామూలు బ్యాగుపై రెయిన్ కవర్ తొడిగితే వీపు వైపు భాగం కప్పబడదు కనుక, రెయిన్‌కోటు మీదుగా జారిన నీరు అటునుంచి లోపలికి దిగుతుంది.

ల్యాప్‌టాప్, టిఫిన్ డబ్బాలకు 20 నుంచి 25 లీటర్ల పరిమాణం చాలు. ఛాతీ పట్టీ, రాత్రివేళ మెరిసే రిఫ్లెక్టివ్ పట్టీ ఉన్నదే చూడండి. కొన్నాక లోపల పాత వార్తాపత్రిక పెట్టి, కుళాయి కింద కొన్ని నిమిషాలు ఉంచి పరీక్షించండి. ఇటువంటి బ్యాగులోంచి తేమ బయటికి పోదు కాబట్టి తడిసిన రెయిన్‌కోటును ల్యాప్‌టాప్‌తో కలిపి ఎన్నడూ పెట్టకండి.