ప్రైమరీలో దిగబోతున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

పెన్సిల్వేనియా రాష్ట్ర శాసనసభకి, అదే హౌస్‌కి, రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచే ఎన్నికలో, నిలబడుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. పెద్దమ్మ ఆ రోజంతా ఎవరితో మాట్లాడినా ఇదే మాట. నాకూ గర్వంగానే ఉంది. కానీ మీ నాన్న చివర్లో ఇంకో మాట చెప్పాడు. "ఈ పార్టీలో మధ్యేమార్గం వాళ్లకి చోటు లేకపోతే డెమోక్రాట్లలోకి మారిపోతాను" అన్నావట. అది విన్నప్పుడే గుండెల్లో రాయి పడింది.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. నామినేషన్‌కి 300 సంతకాలు కావాలి, నువ్వు 600 చేయించు. సంతకం పెట్టేవాళ్లు నీ నియోజకవర్గంలో, నీ పార్టీ కింద రిజిస్టరైన ఓటర్లే అయ్యుండాలి. గుడి దగ్గర బల్ల వేసుకుని కనబడిన తెలుగువాళ్లందరి చేతా పెట్టిస్తే అవతలివాళ్లు కోర్టులో కొట్టేయిస్తారు. డబ్బు లెక్కలు మన ఇంట్లోవాళ్లకి అప్పగించకు. చీకటి పడ్డాక ఒంటరిగా ఎవరి తలుపూ తట్టొద్దు. ఇది సలహా కాదు, ఆజ్ఞ అనుకో.

ఇక ఆర్లెన్ స్పెక్టర్ సంగతి. 2009లో నువ్వు ఎలిమెంటరీ స్కూల్లో ఉన్నావు, నీకు గుర్తుండదు. మన రాష్ట్రం నుంచి 1980లో గెలిచి, 30 ఏళ్లు సెనెటర్‌గా ఉన్నాడు. రిపబ్లికనే అయినా రెండు పక్షాలూ ఆయన గుమ్మం తొక్కేవి. 2009 ఫిబ్రవరిలో ఒబామా ఆర్థిక ప్యాకేజీకి సెనెట్‌లో 60 ఓట్లు కావాల్సొచ్చింది. సరిగ్గా 60 పడ్డాయి. అందులో రిపబ్లికన్లు ముగ్గురే: మెయిన్ రాష్ట్రం నుంచి సూసన్ కాలిన్స్, ఒలింపియా స్నో, మన స్పెక్టర్. హాడ్జ్‌కిన్స్ క్యాన్సర్‌తో పోరాడినవాడు కాబట్టి వైద్య పరిశోధనకి వెయ్యి కోట్ల డాలర్లు ఇవ్వాల్సిందేనని పట్టుబట్టి సాధించాడు. మధ్యలో ఉన్నవాడి బలమంటే అది. ఊరికే అటూ ఇటూ ఊగితే రాదు. ఫలానాది కావాలి అని తేల్చి అడగాలి.

అయితే ఆయన కాళ్ల కింద నేల అప్పటికే కదిలిపోయింది. 2004 ప్రైమరీలోనే సొంత పార్టీవాడు పాట్ టూమీ చేతిలో ఓటమిని 17,000 ఓట్లతో తప్పించుకున్నాడు. మన రాష్ట్రంలో పార్టీ ప్రైమరీలో ఆ పార్టీలో రిజిస్టరైనవాళ్లే ఓటెయ్యాలి కదా. 2008లో డెమోక్రాట్ల ప్రైమరీలో ఒబామా, హిల్లరీ పోటీకి ఓటెయ్యడానికి ఫిలడెల్ఫియా శివార్లలో బోలెడుమంది రిపబ్లికన్లు రిజిస్ట్రేషన్ మార్చుకున్నారు. మా పక్కింటి రిటైర్డ్ టీచరమ్మ కూడా మార్చుకుంది. స్పెక్టర్ అంటే ఆవిడకి ప్రాణం. మరుసటి వసంతంలో మా పెరటి కంచె దగ్గర నిలబడి "ఈసారి ఆయనకి ఓటెయ్యలేను, ఫారం నింపేటప్పుడు ఇది తట్టలేదు" అని నొచ్చుకుంది. అలాంటివాళ్లే ఆయన బలం. వాళ్లని ఒక్కొక్కరినీ కలిసి వెనక్కి పిలుచుకోవాల్సింది పోయి, ఏప్రిల్ 28న ఆయనే డెమోక్రాట్ అయిపోయాడు.

మారినందుకు కూడా కాదు తల్లీ నా బాధ. మారేటప్పుడు చెప్పిన కారణం చూడు. రిపబ్లికన్ ప్రైమరీ ఓటర్ల చేతిలో తన 29 ఏళ్ల రికార్డు పెట్టదలచుకోలేదన్నాడు. పార్టీ మారితే మళ్లీ గెలుస్తానని కెమెరా ముందే అనేశాడు. క్యాన్సర్ పరిశోధన గురించి, మన ఊళ్ల గురించి చెప్పుకోగలిగినవాడు సీటు గురించి చెప్పుకున్నాడు. వారం తిరిగేసరికి డెమోక్రాట్లు కమిటీల్లో ఆయన్ని సీనియారిటీలో అట్టడుక్కి తోసేశారు. ఏడాది తర్వాత డెమోక్రాట్ జో సెస్టాక్ ఆ మాటనే టీవీ ప్రకటనగా వేసి, 2010 మే 18న ప్రైమరీలో ఓడించాడు. నవంబరులో సీటు టూమీకే పోయింది. అంత పెద్దమనిషి చివరికి రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు.

అదే ఏడాది అలాస్కాలో రిపబ్లికన్ సెనెటర్ లీసా మర్కౌస్కీ సొంత పార్టీ ప్రైమరీలో ఓడిపోయింది. పార్టీ మారలేదు. బ్యాలెట్ మీద పేరు లేకపోయినా ఓటర్ల చేత తన పేరు రాయించుకుని గెలిచింది. 2017లో ఒబామా ఆరోగ్య చట్టం రద్దు 49-51తో వీగిపోయిన రాత్రి ఎదురు ఓటేసిన ముగ్గురు రిపబ్లికన్లలో ఆవిడ ఒకరు. మిగతా ఇద్దరు కాలిన్స్, జాన్ మెకెయిన్.

మన హౌస్‌లో 2022లోనూ 2024లోనూ లెక్క డెమోక్రాట్లు 102, రిపబ్లికన్లు 101. నువ్వు గెలిస్తే మొదటి నెలలోనే రెండు పక్షాల నుంచీ పిలుపులొస్తాయి. ఏం అడగాలో ఇప్పుడే రాసి పెట్టుకో. స్కూలు నిధులో, రోడ్లో, ఏదైనా సరే, ఒకటో రెండో. ఎదురు ఓటు వెయ్యాల్సివస్తే ముందు నీ ఊళ్లో చెప్పు, తర్వాతే రాజధాని హారిస్‌బర్గ్‌లో.

కోప్పడ్డానని అనుకోకు. ఎవరో తలుపు తీసి "మీదే ఊరు?" అని అడుగుతారని, నువ్వు చిన్నబోతావని నాకు భయం. ఇక్కడే పుట్టాను, ఈ జిల్లాలోనే చదివాను అని చెప్పి, వాళ్ల వీధి సంగతి అడుగు.

ఓటర్ల జాబితా రాగానే నాకు పంపు. 2008 తర్వాత రిజిస్ట్రేషన్ మార్చుకున్నవాళ్లని వీధులవారీగా విడదీసి పెడతాను. శనివారాలు కారు నేనే నడుపుతాను. పెద్దమ్మ పులిహోర కట్టిస్తానంటోంది, మధ్యాహ్నం తినకుండా తిరగొద్దు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న