భూకంప శిబిరాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: తుర్కియే, సిరియా భూకంపం తరువాత కలరా భయం గురించి చదివాను. అయిదు వేలమంది ఉన్న గుడారాల శిబిరానికి నీళ్ల లెక్క ఎలా వేస్తారు? క్లోరిన్ ఎలా కలుపుతారు?
– నర్సింగ్ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఆ భయం ఉత్తది కాదు. 2023 ఫిబ్రవరి 6న భూమి కంపించేనాటికే సిరియాలో అయిదు నెలలుగా కలరా ఉంది.

మనిషికి రోజుకు 15 లీటర్లు కావాలి. అంటే అయిదు వేలమందికి 75 వేల లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లయితే 15 ట్రిప్పులు. కుళాయికి 250 మంది చొప్పున 20 కుళాయిలు. మరుగుదొడ్లు మొదట్లో 50 మందికి ఒకటి, అంటే వంద. వీలైనంత త్వరగా 20 మందికి ఒకటి చొప్పున 250కి పెంచాలి. ఆడవాళ్లవి మగవాళ్లవాటికంటే మూడింతలు ఉండాలి. ఈ చివరి లెక్కే ఎక్కువగా తప్పుతుంది. వరుసలో నిలబడలేక, చీకట్లో వెళ్లడానికి భయపడి ఆడవాళ్లు నీళ్లు తాగడమే తగ్గించుకుంటారు.

ఇక క్లోరిన్. ప్లాస్టిక్ బకెట్లో లీటరు నీళ్లకు 40 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి ఉంచండి. పౌడర్‌లోని సున్నం అడుగున పేరుకున్నాక పైన తేరిన నీళ్లే వాడాలి. ముద్దతో సహా పోస్తే కుళాయిలు పూడుకుపోతాయి. వెయ్యి లీటర్లకు ఆ తేట 200 మిల్లీలీటర్లు పోసి, అరగంట ఆగి, క్లోరోస్కోప్‌తో (నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను రంగుతో చూపే చిన్న పరికరం) చూడండి. కుళాయి దగ్గర లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటేనే, బిందెలో గుడారం చేరేసరికి 0.2 అయినా మిగులుతుంది. రంగు రాలేదంటే సాధారణంగా రెండు కారణాలు: నీళ్లు బురదగా ఉండటం, లేదా మూట విప్పి ఎండలో వదిలేయడంతో పౌడర్ చచ్చిపోవడం. బురద నీళ్లయితే పటికతో తేర్చాకే క్లోరిన్ వేయాలి. పౌడర్ పోయిందనుకుంటే కొత్త మూట విప్పండి. అంతేగాని పాతదాన్నే గుప్పిళ్లతో ఎక్కువ వేయకండి. వాసన భరించలేక జనం వాగు నీళ్లకు పోతారు.

ప్రశ్న: మా కాలనీలో పాత దుప్పట్లు, స్వెట్టర్లు పోగుచేశాం. పంపవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దండీ. దూరదేశానికి రవాణా ఖర్చు దుప్పటి ధరను మించుతుంది. అక్కడ వాటిని ఏరి విడదీయడానికి మనుషులూ ఉండరు. నమ్మకమైన సహాయ సంస్థకు డబ్బు పంపండి. దానితో వాళ్లు దగ్గర్లోనే కొంటారు, అక్కడి దుకాణాలూ నిలబడతాయి. చలిలో మొదట కొనాల్సింది గుడారం కింద పరిచే మందపాటి పరుపు. నేల తడిగా చల్లగా ఉంటే పైన నాలుగు దుప్పట్లు కప్పినా పిల్లలు వణుకుతూనే ఉంటారు. గుడారం లోపల బొగ్గుల కుంపటి మాత్రం పెట్టనివ్వకూడదు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ప్రశ్న: అప్పటికే శరణార్థులైన సిరియన్లకు సాయం ఎందుకు ఆలస్యమైంది?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: వాయవ్య సిరియాలోకి ఐక్యరాజ్యసమితి సాయానికి అప్పట్లో అనుమతి ఉన్నది ఒక్క బాబ్ అల్ హవా సరిహద్దు దారిలోనే. అక్కడికి వెళ్లే రోడ్లూ దెబ్బతిన్నాయి. భూకంపం తరువాత ఐరాస తొలి లారీలు దాటింది ఫిబ్రవరి 9న. మరో రెండు దారులకు 13న గానీ ఒప్పుకోలు రాలేదు. శిథిలాల కింద మనుషులు ఉండగా అన్ని రోజులు పోవడం క్షమించరానిది. తుర్కియేలో ఉన్నవాళ్ల చిక్కు వేరు. నమోదైన ప్రావిన్సు దాటి వెళ్లాలంటే వాళ్లకు అనుమతి కావాలి. భూకంప ప్రాంతాలవాళ్లకు తరువాత దాన్ని కొంతకాలం సడలించారు. వాళ్ల గుర్తింపు కార్డులేమో శిథిలాల కింద ఉండిపోయాయి. అందుకే శిబిరంలో పేర్లు రాసేవాళ్లు కార్డు అడక్కుండానే ఇంటిపెద్ద పేరు, ఎంతమంది, పసిపిల్లలు, గర్భిణులు, రోజూ మందులు వాడేవాళ్లు ఎవరో రాసుకుని టోకెన్ ఇవ్వాలి. రేషను ఆ టోకెన్ మీదే అందాలి.