జోన్ పెట్టాలా, మ్యాన్ టు మ్యానా?

ప్రశ్న: ఫోన్‌లో బాస్కెట్‌బాల్ మేనేజర్ గేమ్ ఆడుతుంటాను. నా టీమ్‌లో బుట్ట దగ్గర ఆడే ఇద్దరు పొడుగు సెంటర్లే బలం, బయట ఆడే గార్డులు నెమ్మది. మొన్న 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు, ఎవరి చోటు వాళ్లు కాసే డిఫెన్స్) పెడితే త్రీలతో, అంటే దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లతో ముంచేశారు. తర్వాతి మ్యాచ్‌కి 3-2 (ముందు ముగ్గురు, వెనక ఇద్దరు) పెడితే బుట్ట కింద కొట్టారు. ఏది ఖాయం చేసుకోవాలండీ?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: పోయిన మ్యాచ్‌కి వేయాల్సిన మందు వచ్చే మ్యాచ్‌కి వేస్తున్నారు మీరు. త్రీలు కొట్టింది ఒక జట్టు, లోపల కొట్టింది ఇంకో జట్టు. నేనూ ఓ సీజనంతా ఇదే చేశాను. రాత్రి పదకొండింటికి డిఫెన్స్ మార్చడం, పొద్దున మెట్రో అమీర్‌పేట చేరేలోపు స్కోరు చూసి మూడ్ పాడుచేసుకోవడం.

ఇప్పుడు ముందు అవతలివాళ్ల గత ఐదు మ్యాచ్‌లు తీస్తాను. ఎన్ని పాయింట్లు వేశారో కాదు, షాట్లు ఎక్కణ్నుంచి వేశారో చూస్తాను. వంద త్రీలలో 36 పడితే 108 పాయింట్లు. రెండు పాయింట్ల షాట్లు వందలో 50 పడ్డా వచ్చేది 100. ‘36 శాతమేగా’ అని వదిలేశామా, అంతే సంగతులు.

సికింద్రాబాద్‌లో కాలేజీ రోజుల్లో 2-3 ఆడేటప్పుడు వెనక వరసలో ఎడమ మూల నాది. ముందున్న ఇద్దరి మధ్యనుంచి బంతి ఫ్రీ త్రో గీత దగ్గర ఒకడికి అందేది. మా సెంటర్ వాడి మీదికి వెళ్లేవాడు, బుట్ట కింద ఖాళీ. అది పూడ్చడానికి నేను రెండడుగులు లోపలికి వేసేసరికి, మూలలో నేను వదిలేసినవాడు తీరిగ్గా మోకాళ్లు వంచి షాట్ వేసేవాడు. తిట్లు మాత్రం నాకు!

అయినా లోపలే ఆడే జట్ల మీద మీకు 2-3నే మేలు. 3-2లో ముందు ముగ్గురూ తెగ పరిగెత్తాలి, మీ గార్డులకి ఆ కాళ్లు లేవు. షూటర్ల జట్టు వస్తే ఒక సెంటర్‌ని కూర్చోబెట్టి, చురుకైన ఫార్వర్డ్‌ని దింపి మ్యాన్ టు మ్యాన్ (ఒక్కొక్కరు ఒక్కో ఆటగాడిని కాయడం) ఆడించండి. కోర్టు పొడుగునా వెంటపడి కాసే ఫుల్ కోర్ట్ ప్రెస్ జోలికి పోకండి, మూడో క్వార్టర్‌కే మీవాళ్లు చతికిలబడతారు.

ఒక్కడి మీదే నడిచే జట్టు తగిలితే బాక్స్ అండ్ వన్ ఉంది. నలుగురు జోన్‌లో, ఒకడు ఆ స్టార్ వెంట. 2019 ఎన్‌బీఏ ఫైనల్స్ రెండో మ్యాచ్ చివర్లో టొరంటో జట్టు, గోల్డెన్ స్టేట్ స్టార్ స్టెఫెన్ కర్రీ మీద ఇదే పెట్టింది. కర్రీ జట్టులో మరో స్టార్ డ్యురాంట్ లేడు, క్లే థామ్సన్ గాయంతో బయటికెళ్లాడు, అందుకే సాహసించింది. కానీ ఆఖరి క్షణాల్లో ఖాళీగా దొరికిన ఇగ్వోదాలా త్రీ వేశాడు. గోల్డెన్ స్టేట్ 109-104తో గెలిచింది. అందుకని స్టార్‌ని పక్కన పెట్టి, మిగతా నలుగురిలో త్రీ వేయగలవాడు ఎవడున్నాడో చూసుకున్నాకే ఆ బటన్ నొక్కండి.