అట్లాంటిస్ నీటి ఆటలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: జనవరిలో దుబాయ్ వెళ్తున్నాం. పామ్ జుమేరా దీవి మీది అట్లాంటిస్ రిసార్టులో 'లీప్ ఆఫ్ ఫెయిత్' అనే నీటి స్లైడ్ ఎక్కాల్సిందేనని మా పదమూడేళ్ల అబ్బాయి పట్టుబట్టాడు. అది సొరచేపల మధ్యలోంచి పోతుందట కదా, పంపవచ్చా? (ఓ తల్లి, విజయవాడ)

జవాబు: సొరచేపల గురించి బెంగ వద్దండీ. జారేవాళ్లు అక్రిలిక్ (గట్టి పారదర్శక ప్లాస్టిక్) గొట్టం లోపల ఉంటారు, చేపలు బయట ఉంటాయి. అక్కడి ఆక్వావెంచర్ వాటర్‌పార్కులో పెద్ద స్లైడ్లకు చాలావాటికి వయసుతో పని లేదు, ఎత్తు 1.2 మీటర్లు ఉండాలి. అంటే దాదాపు 3 అడుగుల 11 అంగుళాలు. గేటు దగ్గర కొలబద్ద పెట్టి చూస్తారు.

మీ అబ్బాయికి ముందే నేర్పాల్సింది పడుకునే పద్ధతి. ఆ స్లైడ్ ఎత్తు సుమారు 27 మీటర్లు, దాదాపు నిలువుగా ఉంటుంది. రాపిడి బొత్తిగా లేదనుకుంటే కిందికి చేరేసరికి వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటాలి. నిజంగా అంత రాదు కానీ, వచ్చే వేగమూ తక్కువేం కాదు. వెల్లకిలా పడుకుని, ఒక చీలమండ మీద ఇంకో చీలమండ వేసి, చేతులు రెండూ గుండెల మీద అడ్డంగా కట్టుకోవాలి. తల వెనక్కి ఆనించే ఉంచాలి.

కాళ్లు మెలివేసుకోమనడానికి గట్టి కారణం ఉంది. కాళ్లు విడిపోతే ఆ వేగంలో నీళ్లు మలద్వారంలోకి, ఆడవాళ్లకైతే జననాంగంలోకి కూడా బలంగా దూసుకెళ్లి లోపల గాయం చేయగలవు. సిగ్గుపడి ఎవరూ చెప్పరు గానీ తప్పక తెలియాల్సిన విషయమిది. చేతులు చాపితే మోచేతుల చర్మం దోక్కుపోతుంది. మధ్యలో లేచి కూర్చోబోతే అదుపు తప్పి తల గోడకు తగలవచ్చు. కింద దిగాక అక్కడే కూర్చోకుండా వెంటనే పక్కకు తప్పుకోవాలి. ముందు మనిషి బయటపడ్డాడని చూశాకే లైఫ్‌గార్డు తర్వాతి వారిని వదులుతాడు.

ఒక మాట. సొరచేపలను చూడాలన్నదే కోరిక అయితే ఈ స్లైడ్ నిరాశపరుస్తుంది. ఆ గొట్టంలో ఉండేది రెండు మూడు క్షణాలు, కళ్ల నిండా నీళ్లు. అదే కట్టడం మీద 'షార్క్ అటాక్' అని ట్యూబులో కూర్చుని పోయేది ఉంది. సొరల మడుగులోని సొరంగంలోంచి అది మెల్లగా సాగుతుంది. మొదట అందులో ఎక్కించండి.

ప్రశ్న: మంగళసూత్రం, గాజులు తీసేయమంటారట. నిజమేనా? చుడీదార్‌తో దిగనిస్తారా? (ఓ పాఠకురాలు, నిజామాబాద్)

జవాబు: బంగారం, గాజులు అన్నీ హోటల్ గదిలోని లాకర్లో పెట్టి రండి. స్లైడ్‌లో గొలుసు మెడ వెనక్కి తిరిగి వీపు కింద నలుగుతుంది. నల్లపూసల దారం తెగిందంటే పూసలు దొరకవు. చల్లటి నీళ్లలో వేళ్లు సన్నబడి ఉంగరాలు జారిపోతాయి. ఇక మట్టిగాజు పగిలితే ఇబ్బంది మీ ఒక్కరిది కాదు. నీళ్లలో గాజు ముక్క కంటికి ఆనదు. ఎవరి అరికాల్లో దిగుతుందో తెలియక కొలను మొత్తం ఖాళీ చేయాల్సి రావచ్చు.

నూలు చుడీదార్ కుదరదు. తడిస్తే బరువెక్కి ఈదనివ్వదు, జారేటప్పుడు మొహం మీదికి ఎగదన్నుతుంది. ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు నైలాన్, లైక్రా బట్టతో దొరుకుతాయి, అవి వేసుకోవచ్చు. జిప్పు, ఇనుప గుండీ, రివెట్ ఉన్నవి వద్దు. అవి స్లైడ్ ఫైబర్‌గ్లాస్ మీద గీత పెడితే, ఆ గరుకు తర్వాత వచ్చేవారి వీపు చీరుతుంది. కాంటాక్ట్ లెన్సులు కూడా తీసేయండి.

ప్రశ్న: అక్కడి కొన్ని స్లైడ్లలో మనిషి కూర్చున్న ట్యూబు కింది నుంచి పైకి కూడా పోతుందట. ఎలా ఎక్కుతుంది? (ఇంటర్ విద్యార్థి, కడప)

జవాబు: ఎగువకు పోయే చోట స్లైడ్ అడుగున నాజిళ్లు ఉంటాయి. పంపులు తోసే నీళ్లు వాటిలోంచి పలచటి పొరలా, మంచి ఒత్తిడితో దూసుకొచ్చి ట్యూబును తోస్తాయి. బరువు పరిమితి మించినా, ట్యూబులో గాలి తగ్గి అడుగు రాసుకున్నా తోపు చాలదు. ట్యూబు సగంలో ఆగి వెనక్కి పల్లంలోకి జారుతుంది. ఎక్కే ముందు బరువు చూడడం అందుకే.

ప్రశ్న: అట్లాంటిస్‌లోని అంత పెద్ద అక్వేరియంలో నీళ్లు మార్చకుండా చేపలు ఎలా బతుకుతాయి? (ఓ ఉపాధ్యాయుడు, ఒంగోలు)

జవాబు: అంబాసిడర్ లగూన్ అనే ఆ అక్వేరియంలో పట్టేది 1 కోటి 10 లక్షల లీటర్లు. లీటరుకు 35 గ్రాముల చొప్పున చూసినా అందులో కరిగి ఉండే ఉప్పు 385 టన్నులు! అన్ని నీళ్లూ ఒకేసారి పారబోసి నింపడం కుదిరే పని కాదు.

చేపలు వదిలే అమ్మోనియా వాటికే విషం. దాన్ని వడపోత గుళికల మీద పెరిగే బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, ఆపైన అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇలాంటి పెద్ద అక్వేరియాల్లో మడ్డిని ఇసుక వడపోత పడుతుంది. జిగురు వ్యర్థాన్ని నురగ యంత్రం బుడగలతో పైకి తేల్చి తీసేస్తుంది. పేరుకున్న నైట్రేట్ తగ్గించడానికి మాత్రం కొంత కొంత నీరు మారుస్తారు.

మొదటి జవాబులో చెప్పిన, సొరల మడుగులోంచి పోయే స్లైడ్ గొట్టాన్ని మీ పిల్లలకు పాఠంగా చూపించండి. గోడకు ఇటు జారేవాళ్ల కోసం క్లోరిన్ కలిపిన నీళ్లు, అటు చేపల ఉప్పునీళ్లు. క్లోరిన్ అటు చేరితే చేపల మొప్పలు కాలిపోతాయి, వడపోత బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అందుకే రెండింటి పంపులు, గొట్టాలు పూర్తిగా వేరు. అద్దం ముందు నిలబడినప్పుడు ఇంకో తమాషా. బల్లపరుపు అద్దంలోంచి చూస్తే నీళ్లలో 4 మీటర్ల దూరాన ఉన్న చేప 3 మీటర్లలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. ఉన్నదానికంటే పెద్దదిగానూ తోస్తుంది.

ప్రశ్న: ఖర్చు తగ్గే దారి, రద్దీ లేని రోజు చెప్పండి. (ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: 2022 జనవరి నుంచి దుబాయ్‌లో వారాంతపు సెలవు శని, ఆదివారాలు. శుక్రవారం ప్రభుత్వ కార్యాలయాలకు ఒంటిపూట. మంగళ, బుధవారాలు చూసుకోండి. అట్లాంటిస్ హోటల్లో దిగినవారికి వాటర్‌పార్కు ప్రవేశం గది అద్దెలోనే కలిసి ఉంటుంది. కాబట్టి ఒక్క రాత్రి ఉండి, వచ్చిన రోజు, వెళ్లే రోజు రెండూ ఆడుకోవడం లాభం. గది అద్దె పోల్చేటప్పుడు పన్నులు కలిపారో లేదో అడగండి. ఐదు నక్షత్రాల హోటళ్లలో గదికి రాత్రికి 20 దిర్హాములు 'టూరిజం దిర్హామ్' పేరిట వేరేగా పడుతుంది, 5 శాతం వ్యాట్ కూడా ఉంది.

జనవరిలో ఎండ హాయిగా ఉన్నా తడి ఒంటికి గాలి తగిలితే పిల్లలు వణుకుతారు. పొడి తువ్వాలు మనిషికొకటి పెట్టుకోండి. సన్‌స్క్రీన్ పెద్దవారి ఒంటికి ఆరు టీస్పూన్లు కావాలి. నీళ్లలో దిగడానికి పావుగంట ముందు రాసి, రెండేసి గంటలకోసారి మళ్లీ రాయాలి.