బొమ్మలు వేసి బతకాలంటే ఉద్యోగం ఎప్పుడు మానాలి?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, సర్వీసు 4 సంవత్సరాల 5 నెలలు. చేతికి 68,000 వస్తుంది, బేసిక్ 30,000. అమ్మ (63, షుగర్ ఉంది) నాతోనే ఉంటుంది. అద్దె, మందులు, పర్సనల్ లోన్ కిస్తీ 5,400 అన్నీ కలిపి నెల ఖర్చు 41,000. లోన్ ఇంకా 1.1 లక్షలు ఉంది. ఎఫ్‌డీలో 3.2 లక్షలు, పీఎఫ్‌లో 4.6 లక్షలు ఉన్నాయి. సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలవారీ పెట్టుబడి) నెలకు 8,000. రెండేళ్లుగా వారానికి 12 గంటల చొప్పున పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నాను. ఎనిమిది గంటలు పట్టే పేజీకి 3,000 తీసుకుంటాను. గత 12 నెలల్లో 2,34,000 వచ్చింది. అందులో ఒక్క నెలలోనే 61,000. మూడు నెలలు పైసా రాలేదు, ఆ రోజుల్లో పెన్ను ముట్టబుద్ధి కాలేదు. ఉద్యోగం మానేస్తే ఈ ఉత్సాహం నిలుస్తుందా?

జవాబు: మానేయండి, కానీ ఏడు నెలలు ఆగి. పెన్ను ముట్టబుద్ధి కాకపోవడాన్ని మీలోని లోపంగా చూడకండి. ఒక నెల 61,000, మరో నెల సున్నా వస్తుంటే ఎవరికైనా చేయి ఆడదు. మీకు తక్కువ పడింది కళ మీద ఇష్టం కాదు, నెల నెలా ఒకే మొత్తం చేతికొచ్చే ఏర్పాటు. జీతం ఉండగానే ఆ ఏర్పాటు చేసుకోవాలి.

ముందుగా ఆ మూడు నెలల సంగతి తేల్చండి. పని లేక డబ్బు రాలేదా, పని చేసినా డబ్బు ఆలస్యమైందా? పుస్తకం అచ్చయ్యాక ఇస్తామనే ప్రచురణకర్తల దగ్గర రెండోదే ఎక్కువ. పని లేకపోతే కొత్తవారిని వెతకాలి, డబ్బు ఆలస్యమైతే ఒప్పందం మార్చాలి. డైరీలో పని చేసిన తేదీ, బిల్లు పంపిన తేదీ, డబ్బు పడిన తేదీ పక్కపక్కన రాస్తే ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది.

ఇప్పుడు లెక్క. సగటు 19,500 అని మీరు అనుకుంటూ ఉండవచ్చు. ఆ 61,000 నెలను తీసేసి మిగతా 11 నెలలకు చూస్తే 15,700. సాఫ్ట్‌వేర్ చందా, ఇంటర్నెట్ లాంటి పని ఖర్చు 3,000 అనుకుంటే మిగిలేది 12,700. నమ్ముకోదగ్గది ఈ అంకే.

12 గంటల బదులు 40 గంటలు వేస్తే ఆదాయం మూడింతలు దాటుతుందనుకోవడం ఈ వృత్తిలో చాలామంది చేసే పొరపాటు. వారానికి 40 గంటలు కూర్చున్నా డబ్బు తెచ్చే గంటలు 22 దాటవని పెట్టుకోండి. పని అడగడం, కొటేషన్లు, సవరణలు, బిల్లులు, పద్దులు మిగతావి మింగేస్తాయి. అంటే నెలకు 95 గంటలు. మీ ఇప్పటి ధర గంటకు 375. రెండూ గుణిస్తే 35,600. ఉద్యోగం లేని ఇంటికి అది చాలదు.

ఎంత కావాలి? ఎఫ్‌డీలోంచి 1.1 లక్షలు తీసి లోన్ తీర్చేయండి. ముందస్తు చెల్లింపు రుసుము ఎంతో బ్యాంకును అడిగి చూసుకోండి. పర్సనల్ లోన్ వడ్డీ ఎఫ్‌డీ వడ్డీ కంటే చాలా ఎక్కువ కాబట్టి సాధారణంగా లాభమే. ఇంటి ఖర్చు 35,600కు దిగుతుంది. దానికి ఆరోగ్య బీమా 4,000, పూర్తికాలానికి పెరిగే పని ఖర్చు 4,000, టాబ్లెట్, కంప్యూటర్ పాడైతే మార్చుకోవడానికి 2,000, తగ్గించిన సిప్‌కు 5,000 కలపండి. మొత్తం 50,600. దీన్ని 95తో భాగిస్తే గంటకు సుమారు 533, పేజీకి 4,300. ఇదే మీ కొత్త ధర. కొత్తవారికి ఈ రోజు నుంచే చెప్పండి. పాతవారికి తర్వాతి పుస్తకం నుంచి.

ఇంకో రకంగా చూస్తే భయం తగ్గుతుంది. 32 పేజీల పిల్లల పుస్తకంలో మీరు 28 పేజీలు వేస్తే 1,20,400. ఏడాదికి అలాంటివి ఐదు చేస్తే మీ ఇల్లు గడుస్తుంది. మీ గంటలు కూడా సరిగ్గా అయిదింటికే సరిపోతాయి. కాబట్టి రోజూ వందమందికి నచ్చాలనే ఆరాటం అక్కర్లేదు, ఐదు మంచి పుస్తకాలు దొరికితే చాలు. ఆ ఐదులో రెండుకు మించి ఒకే ప్రచురణకర్తవి కాకుండా చూసుకోండి.

ఏడు నెలలు అన్నది ఊరికే కాదు. అయిదేళ్ల సర్వీసు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. ఏడాదికి బేసిక్ 30,000లో 15/26 వంతు చొప్పున అయిదేళ్లకు సుమారు 86,500. ఇన్నాళ్లు చేసి దాన్ని వదులుకోకండి. ఈ ఏడు నెలలూ ఖర్చు, 8,000 సిప్ పోగా జీతంలో మిగిలే 19,000, తీరిన కిస్తీ 5,400, బొమ్మల 12,700 కలిపి నెలకు 37,000 దాస్తే 2.59 లక్షలు. లోన్ తీర్చాక ఎఫ్‌డీలో మిగిలిన 2.1 లక్షలతో కలిపి 4.69 లక్షలు.

దాన్ని మూడుగా విడదీయండి. 2.4 లక్షలు ఇంటి నిధి, బీమాతో కలిపి ఆరు నెలల ఖర్చు. అది ఎఫ్‌డీలో ఉంటుంది, ఆసుపత్రి లాంటి అవసరం వస్తే తప్ప తీయకూడదు. 48,000 మొదటి ఏడాది ఆరోగ్య బీమాకు. మిగతా 1.8 లక్షలు పని ఖాతాలో వేయండి. బొమ్మల డబ్బంతా ఆ ఖాతాలోకే రావాలి. ప్రతి నెల 1వ తేదీన అందులోంచి మీ ఇంటి ఖాతాకు 45,000 ఆటోమేటిక్‌గా బదిలీ అయ్యేలా పెట్టండి. అదే మీ జీతం. లక్ష వచ్చిన నెలా 45,000, సున్నా నెలా 45,000. డబ్బు రాని నెలలో కూడా పెన్ను పట్టుకోగలిగేలా చేసేది ఈ బదిలీయే. దీనికోసం మీరు వేరే స్ఫూర్తిని వెతుక్కోనవసరం లేదు. గ్రాట్యుటీ సొమ్ము వస్తే పరికరాలకు ఉంచండి. పీఎఫ్ మాత్రం కదపకండి.

బీమా విషయం ఆలస్యం చేయకండి. అమ్మ ఇప్పుడు కంపెనీ పాలసీలో ఉంటే ఉద్యోగంతో అదీ పోతుంది. అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలు ఉంటుంది, అప్పటికి గడిచిన నిరీక్షణ కాలం (పాత జబ్బులకు బీమా వర్తించేదాకా ఆగాల్సిన సమయం) కలిసొస్తుంది. రాజీనామాకు రెండు నెలల ముందే అడగండి. కొత్త పాలసీ అయితే షుగర్ లాంటి పాత జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాలి. షుగర్ సంగతి దాచకండి, క్లెయిమ్ తిరస్కరించడానికి అదే కారణమవుతుంది. మీ పేరున టర్మ్ పాలసీ (జీవిత బీమా) కూడా జీతం ఉండగానే తీసుకోవడం తేలిక, ఎందుకంటే ఆదాయ రుజువుకు పే స్లిప్పులు చాలు.

ఇక ఒప్పందం. మొదలుపెట్టేటప్పుడు 40 శాతం, పెన్సిల్ స్కెచ్‌లు ఒప్పుకున్నాక 30, తుది ఫైళ్లు ఇచ్చేముందు మిగతా 30. రెండు సవరణలు ధరలోనే, మూడోది గంట లెక్క. ఇవన్నీ ఒక ఈమెయిల్‌లో రాసి వారి అంగీకారం తెచ్చుకోండి. హక్కుల మాట కూడా అందులోనే రాయాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి గీయించుకున్న చిత్రానికి వేరే ఒప్పందం లేకపోతే గీయించుకున్నవారే మొదటి హక్కుదారు. కాబట్టి పుస్తక ముద్రణ వరకేనా, బొమ్మల టీ షర్టులు, క్యాలెండర్లకూనా, ఎన్నేళ్లకు అన్నది స్పష్టంగా ఉండాలి. హక్కులు రాసిచ్చే పత్రంలో కాలం రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగా తీసుకుంటుంది. ఇప్పటి మీ ఉద్యోగ ఒప్పందంలో బయటి పని గురించి ఏముందో కూడా ఈ వారమే చదవండి.

చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ‘ఉద్యం’ నమోదు ఉచితం, సేవలందించేవారూ చేసుకోవచ్చు. నమోదైతే రాతపూర్వక ఒప్పందం ఉన్నా కొనేవారు 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు చెల్లించాలి. బిల్లు మీద ఆ నంబరు వేస్తే గుర్తు చేయాల్సిన ఫోన్లు కొంత తగ్గుతాయి.

పన్ను గురించి క్లుప్తంగా. ఒక సంస్థ ఏడాదికి 50,000 దాటి ఫీజు ఇస్తే 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే ముందుగా కోసే పన్ను) పట్టుకోవచ్చు. అది పోయిన డబ్బు కాదు, రిటర్ను వేస్తే లెక్కకు వస్తుంది. బొమ్మల ఆదాయం ఉన్నవారు జీతగాళ్ల రిటర్ను ఫారం-1 (ఐటీఆర్-1) వేయకూడదు, మీరు ఇప్పటిదాకా వేసి ఉంటే సరిచేయించండి. రాబడిలో సగాన్నే లాభంగా చూపే సౌకర్యం చట్టం పేర్కొన్న వృత్తులకే ఉంది. సినిమా కళాకారులు ఆ జాబితాలో ఉన్నారు, పుస్తకాలకు బొమ్మలు వేసేవారి ప్రస్తావన స్పష్టంగా లేదు. చార్టర్డ్ అకౌంటెంట్‌ను అడగకుండా అది వాడకండి. రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు.

ఉత్సాహం నిలుస్తుందా అని అడిగారు కాబట్టి, మీ చేతిలో ఉన్నవాటినే లెక్కపెట్టండి. ఎన్ని లైకులు వచ్చాయన్నది మీ చేతిలో లేదు. వారానికి కొత్తగా ఐదుగురు ప్రచురణకర్తలకు మీ పోర్ట్‌ఫోలియో పంపడం మీ చేతిలో ఉంది. రెండు వారాలకు ఒకసారి మళ్లీ పలకరించండి. వారంలో ఒక పూట ఎవరూ అడగని, మీకు ఇష్టమైన బొమ్మకు కేటాయించండి. తర్వాతి పుస్తకం తెచ్చేది తరచుగా ఆ బొమ్మే, ఎందుకంటే మీకు ఎలాంటి పని కావాలో అందులోనే కనిపిస్తుంది.

చివరిగా ఒక గీత గీసుకోండి. పని ఖాతా 90,000కు, అంటే రెండు నెలల జీతానికి దిగితే ఆ రోజే వారానికి రెండు రోజుల కాంట్రాక్ట్ టెస్టింగ్ పని వెతకడం మొదలుపెట్టాలి. ఖాతా మళ్లీ 1.8 లక్షలకు చేరగానే దాన్ని ఆపేయండి. ఈ అంకెను రాజీనామా ఇచ్చే ముందే అమ్మకు చెప్పి, ఇద్దరూ ఒప్పుకున్నాక కాగితం మీద రాసి పెట్టుకోండి.