జపనీస్ రాకుండా జపాన్ హ్యాండ్‌హెల్డ్ గేములు ఆడొచ్చా? ఆడొచ్చు, నేను ఆడాను

మీరడిగింది ఇది: అన్నయ్య వచ్చే నెల టోక్యో నుంచి వస్తున్నాడు, మీ దగ్గర చేత్తో పట్టుకుని ఆడే గేము మెషీన్లు రెండు, నింటెండో వాళ్ల పాత డీఎస్ లైట్ ఒకటి, సోనీ వాళ్ల పీఎస్‌పీ ఒకటి ఉన్నాయి, జపాన్‌లో మాత్రమే అమ్మిన గేముల్లో భాష రాకపోయినా ఆడగలిగేవి ఏవి తెమ్మనాలి అని.

మొహమాటం లేకుండా తెమ్మనండి. నేను టోక్యోలో నిషి-కసాయిలో రెండేళ్లున్నాను. మన ఐటీ వాళ్లు ఎక్కువగా ఉండే పేట అది. వెళ్లిన కొత్తలో నాకు వచ్చిన జపనీస్ అంతా కలిపి నాలుగు మాటలు. ఆఫీసు నుంచి వస్తూ సెకండ్ హ్యాండ్ షాపుల్లోకి దూరి పాత గేములు ఏరడం అలవాటైంది. అలా ఇరవై దాకా కొన్నాను. వాటిలో సగానికి పైగా భాషతో పని లేకుండానే చివరిదాకా ఆడాను.

ఒక్కటే తెమ్మనాలంటే మాత్రం ‘రిథమ్ తెంగోకు’. డీఎస్ కన్నా ముందొచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్ మెషీన్ కోసం నింటెండో 2006లో జపాన్ వరకే విడుదల చేసింది. ఆ గేములు మీ డీఎస్ లైట్‌లోనూ ఆడతాయి. తెంగోకు అంటే స్వర్గం. సంగీతంలో సున్కు చేయి ఉంది. అక్కడ బాగా పేరున్న పాప్ సంగీత నిర్మాత ఆయన. అన్నీ చిన్న చిన్న ఆటలు, చాలావాటికి ఒకటి రెండు బటన్లు చాలు. ప్రతి ఆటకూ ముందు ప్రాక్టీసు ఉంటుంది. అందులో జపనీస్‌లో ఏదో రాసి ఉంటుంది గానీ, అది చదవకపోయినా బొమ్మ చూసి, దెబ్బ విని పట్టేసుకోవచ్చు.

అందులో ఉల్లిపాయ ఆట ఒకటుంది. తెర మీదికి మొహమున్న ఉల్లిపాయ ఒకటి వస్తుంది. దాని మీద వెంట్రుకలు టక్, టక్, టకటక్ అని ఒక వరసలో మొలుస్తాయి. అవి ఏ లయలో మొలిచాయో, అదే లయలో మీరు బటన్ నొక్కుతూ ట్వీజర్‌తో పీకాలి. తాళం తప్పితే వెంట్రుక సరిగ్గా ఊడిరాదు. అంతే ఆట.

మా అమ్మ మూడు నెలలు మా దగ్గరకొచ్చి ఉంది. ఆవిడకు ఇంగ్లీషు కూడా రాదు, ఇక జపనీస్ మాట చెప్పేదేముంది! పగలంతా ఇంట్లో ఒక్కతే. ఓ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను ఆడుతుంటే పక్కన కూర్చుని కాసేపు చూసి, “ఇది బుర్రకథలో వంత లాంటిదే కదరా, వాడు అన్నది మనం అందుకోవడమేగా, ఇటియ్యి” అంది. చిన్నప్పుడు ఊళ్లో కోలాటం ఆడిన చేయి ఆవిడది. కళ్లద్దాలు సర్దుకుని, కాలితో తాళం వేసుకుంటూ మొదలుపెట్టింది. నేను రెండు రోజులు కిందా మీదా పడిన ఆటను మూడోసారికే గట్టెక్కించింది. చివర్లో పెద్ద అక్షరాలు పడితే “ఏమంటున్నాడు?” అని అడిగింది. ‘హైరెబెరు’, అంటే హై లెవెల్ అని చెప్పాను. ఆ రోజు నుంచి మేము ఆఫీసుకెళ్తే డీఎస్ ఆవిడ చేతిలోనే ఉండేది. భాష రాకుండా ఆడగలమా అని ఎవరు అడిగినా నాకు మొదట అమ్మే గుర్తొస్తుంది.

రెండోది ‘బిట్ జెనరేషన్స్’. ఇది ఒక్క గేము కాదు, ఏడు గేముల వరస. ఇదీ గేమ్ బాయ్ అడ్వాన్స్‌కే, ఇదీ 2006లోనే, ఇదీ జపాన్ వరకే. వీటిలో కథ లేదు, మాటలు లేవు, గీతలు, చుక్కలు, రంగులు తప్ప ఏమీ కనబడవు. ‘ఆర్బిటల్’లో మీరు అంతరిక్షంలో ఒక చిన్న గోళం. రెండే బటన్లు, ఒకటి పక్క గోళాల వైపు లాగుతుంది, ఇంకోటి దూరంగా నెడుతుంది. ‘డిజిడ్రైవ్’లో నాలుగు రోడ్ల కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ పని. వచ్చే బండ్లను రకం చూసి ఒక్కో వైపు మళ్లించాలి. ‘సౌండ్ వాయేజర్’ అయితే తెర చూడనక్కర్లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, శబ్దం ఎటునుంచి వస్తోందో విని, దాన్ని రెండు చెవుల మధ్యకు తెచ్చుకోవాలి. నేను దీన్ని రాత్రి లైటు తీసేసి కళ్లు మూసుకుని ఆడేవాణ్ణి. చూపు లేనివారు కూడా ఆడుకోగల గేము ఇరవై ఏళ్ల కిందటే చేశారంటే నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది. ఏడూ దొరక్కపోతే ఈ మూడూ చూడమనండి.

ఇక డీఎస్‌కి తప్పకుండా తెప్పించుకోవాల్సింది ‘ఒస్సు! తతకాయే! ఓయెందాన్’. 2005లో వచ్చింది, చేసింది ఇనిస్ అనే సంస్థ. ఓయెందాన్ అంటే నల్ల యూనిఫాం వేసుకుని, గొంతెత్తి అరిచి మనవాళ్లకు ఉత్సాహమిచ్చే దండు. కష్టంలో ఉన్న మనిషి ఎక్కడ కేక వేస్తే అక్కడికి ఈ దండు దిగిపోతుంది. పాట మొదలవుతుంది. డీఎస్‌కి రెండు తెరలు కదా, కింది తెర మీద అంకెలు వేసిన చుక్కలు వస్తాయి, వాటి చుట్టూ ఉన్న రింగు దగ్గరికొచ్చి చుక్కను తాకే క్షణానికి స్టైలస్‌తో, అంటే తెర మీద తాకించే పెన్ను లాంటి పుల్లతో, కొట్టాలి. మీరు కొట్టినదాన్ని బట్టి పై తెర మీద ఆ మనిషి కథ బాగుపడుతుంది, లేదా పాడవుతుంది.

కథలన్నీ కామిక్ బొమ్మల్లోనే నడుస్తాయి కాబట్టి ఒక్క ముక్క చదవకపోయినా అర్థమవుతాయి. మొదటి కథే ఎంట్రన్స్ పరీక్షకు చదువుకునే కుర్రాడిది. గదిలో పుస్తకం తెరిస్తే చాలు, ఇంట్లో ఎవరో ఒకరు గోల. ఎంసెట్ చదివిన ఏ ఇంట్లో వాళ్లకైనా ఇది వేరే చెప్పాలా? ఇంకో కథలో ప్రమాదంలో చనిపోయిన అబ్బాయి తను ప్రేమించిన అమ్మాయికి చివరి మాట చెప్పుకోవడానికి కాసేపు తిరిగొస్తాడు. దానికి పాట కూడా నెమ్మదిగా సాగుతుంది. పక్కన చూస్తున్న మా ఆవిడ కళ్లు తుడుచుకోవడం నాకు ఇంకా గుర్తు. 2007లో రెండో భాగం వచ్చింది, అదీ జపాన్‌కే. మధ్యలో 2006లో అమెరికా కోసం ఇదే పద్ధతిలో ‘ఎలీట్ బీట్ ఏజెంట్స్’ చేశారు గానీ పాటలూ కథలూ వేరు. అది మీ దగ్గరున్నా సరే, ఇది వేరుగా ఆడాల్సిందే.

పజిల్స్ ఇష్టమైతే ‘కురురిన్ పారడైజ్’, ‘గురు లోజి చాంప్’ కూడా చూడండి. రెండూ గేమ్ బాయ్ అడ్వాన్స్‌వే. మొదటిది తిరుగుతూనే ఉండే కర్రను గోడలకు తగలకుండా సందుల్లోంచి దాటించడం. పీఎస్‌పీకి ‘తైకో నో తత్సుజిన్’ తెమ్మనండి. డోలు ఆట. ఎర్ర చుక్కకు నడిమి దెబ్బ, నీలం చుక్కకు అంచు దెబ్బ. అన్నట్టు, జపాన్ పీఎస్‌పీ గేముల్లో సున్నా బటన్ అంటే సరే, ఇంటూ బటన్ అంటే వద్దు. మనకు అలవాటైనదానికి తిరకాసు. అక్కడ బళ్లో టీచర్లు సరైన జవాబుకు సున్నా చుడతారు, అందుకని. మొదటి వారం చేయి తడబడుతుంది, తర్వాత అదే వస్తుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పులు చెప్తాను. ‘మదర్ 3’ కొన్నాను. గొప్ప గేమని అందరూ చెప్తే విని కొన్నాను. అది గొప్పదే, కానీ దాని ప్రాణమంతా మాటల్లో ఉంది. గంట తిరిగాక ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక ఆగిపోయాను. పాత్రలు నిలబడి మాట్లాడుకునే గేము ఏదైనా మీకు వద్దు. రెండో తప్పు దీనికన్నా బాధ పెట్టింది. ఇంకో గేములో మూడు వారాలు ఆడిన సేవును, అంటే ఎక్కడిదాకా ఆడామో మెషీన్ దాచిపెట్టుకున్నదాన్ని, ఒక్క నొక్కుడుతో చెరిపేశాను. మెనూలో రెండు మాటలుండేవి, రెండూ ఐదేసి అక్షరాలే, రెండిటి చివరా ‘కరా’ అనే ఉంది. ఒకటి ‘త్సుజుకి కరా’, ఆపిన చోటి నుంచి. ఇంకోటి ‘హజిమే కరా’, మొదటి నుంచి. కరా అంటే మన ‘నుంచి’, మనలాగే మాట వెనకే వస్తుంది. ఆ తర్వాత ఏదో ప్రశ్న అడిగింది, చూడకుండా సరే కొట్టాను. కాబట్టి ఈ రెండు మాటల ఆకారం ఫోన్‌లో ఫోటోగా పెట్టుకోండి. ‘హై’ అంటే అవును, రెండక్షరాలు. ‘ఈయే’ అంటే కాదు, మూడక్షరాలు. చదవడం రాకపోయినా లెక్కపెట్టుకోవచ్చు.

ఆ దెబ్బ తిన్నాకే కటకానా నేర్చుకున్నాను. బయటి మాటలు రాయడానికి వాడే లిపి అది, గేము మెనూల్లో సగం అదే. అసలు అక్షరాలు 46. రోజుకి ఐదు చొప్పున రాసుకుంటే పది రోజుల్లో అయిపోయింది. మనకు ఇది మిగతా దేశాల వాళ్లకన్నా తేలిక. అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ. హల్లుల వరస క, స, త, న, హ, మ, య, ర, వ. సంస్కృత వర్ణమాల బౌద్ధంతో పాటు అక్కడికి వెళ్లి వేసిన ముద్ర ఇది. పైగా జపాన్ వాళ్లూ మనలాగే మాట చివర అచ్చు తగిలించుకుంటారు. మనం బస్సు అంటాం, వాళ్లు బసు అంటారు. గేమ్‌ని గేము అంటారు, అచ్చం మా అమ్మ అన్నట్టే. సేవ్ అంటే సేబు, లోడ్ అంటే రోదో, స్టార్ట్ అంటే సుతాతో. అక్షరాలు కూడబలుక్కుని పైకి చదివితే చాలు, అర్థం చెవికి తడుతుంది.

మెషీన్ సంగతి త్వరగా చెప్పేస్తాను. గేమ్ బాయ్, గేమ్ బాయ్ అడ్వాన్స్, మామూలు డీఎస్ గేములు, పీఎస్‌పీ గేములు, వీటికి దేశాల తాళం లేదు, అంటే జపాన్‌లో కొన్నవి మీ మెషీన్‌లోనూ ఆడతాయి. మీ డీఎస్ లైట్ కింద ఉన్న పెద్ద స్లాట్‌లో అడ్వాన్స్ క్యాసెట్లు పడతాయి. పాత నలుపు-తెలుపు గేమ్ బాయ్ క్యాసెట్లు మాత్రం దాంట్లో ఆడవు. డీఎస్ తర్వాత వచ్చిన 3డీఎస్ గేములు తెమ్మనకండి, జపాన్ క్యాసెట్ జపాన్ మెషీన్‌లోనే నడుస్తుంది. పీఎస్‌పీకి సినిమా డిస్కులు కూడా అంతే, వాటికి తాళం ఉంది.

అడ్వాన్స్ క్యాసెట్లకు నకిలీలు చాలా ఉన్నాయి. ఆన్‌లైన్‌లో తక్కువకు దొరికిందని కొని నేనూ ఒకసారి మోసపోయాను. రెండు రోజులు ఆడాక సేవు నిలవడం మానేసింది. అసలుదైతే కింద పిన్నుల సందులోంచి చూసినప్పుడు బోర్డు మీద నింటెండో అని అచ్చు కనిపిస్తుంది. అన్నయ్య షాపులోనే లైటు కింద పెట్టి చూసుకోవచ్చు. డబ్బా లేని ఉత్త క్యాసెట్ బాగా చవక, ఆడుకోవడానికి అది చాలు.

పేర్లు తెలుగులోనో ఇంగ్లీషులోనో పంపితే షాపులో వెతకడం కష్టం. ప్రతి గేము డబ్బా ముందు బొమ్మ నెట్‌లో తీసి అన్నయ్యకు వాట్సాప్ చేయండి. ఫోన్ చూపిస్తే షాపువాళ్లే అరల దగ్గరకు తీసుకెళ్తారు. ముందు రిథమ్ తెంగోకు, తర్వాత ఓయెందాన్, బ్యాగులో చోటు మిగిలితే మిగతావి.